ప్రీసీజన్ గైడ్ రివ్యూ: కవర్ మీద మెట్స్, టాప్‌లో బ్రూవర్స్

2025 ఎంఎల్‌బీ (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్) సీజన్‌కి ముందు ఫాంటసీ డ్రాఫ్ట్ (నిజం ప్లేయర్లని ఎంచుకుని సొంత ఊహా టీమ్ కట్టే ఆట) కోసం ఒక ప్రీసీజన్ గైడ్ కొన్నా, పేరు వద్దులే. 30 టీమ్‌ల ప్రివ్యూలు, ప్లేయర్ ప్రొజెక్షన్లు ఉంటాయి. సీజన్ అయిపోయాక దాన్ని మళ్లీ ముందేసుకుని రాస్తున్నా.

న్యూయార్క్ మెట్స్ సెక్షన్‌లో సగానికి పైగా వాళ్ల కొత్త బ్యాటర్ వాన్ సోటోనే. 15 ఏళ్లకి 765 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ కాబట్టి రాయాల్సిందే, అతను కూడా 43 హోమ్‌రన్లు, 38 స్టీల్స్ (పిచర్ కళ్లుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తడం) కొట్టి మాట నిలబెట్టాడు. కానీ పిచింగ్‌కి నాలుగు లైన్లేనా? వాళ్ల మెయిన్ పిచర్ సెంగా 2024 రెగ్యులర్ సీజన్ మొత్తం మీద ఒక్కటంటే ఒక్క మ్యాచే ఆడాడు, ఆ ముక్క ఎక్కడా లేదు. 2025లో జూన్ 12న ఫస్ట్ బేస్ కవర్ చేయడానికి పరిగెత్తి, ఫస్ట్ బేస్‌మన్ అలోన్సో ఎత్తుగా వేసిన త్రో కోసం ఎగిరి దిగేసరికి హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పోయింది. అప్పటికి అతని ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే సగటు రన్లు, తక్కువైతే మంచిది) 1.47, ఆ మ్యాచ్‌తో టీమ్ 45 గెలుపులు, 24 ఓటములు. చివరికొచ్చేసరికి 83-79, సిన్సినాటి రెడ్స్‌వీ అన్నే గెలుపులు కానీ టైబ్రేకర్ వాళ్లది కావడంతో మెట్స్ ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. చాలా బాధేసింది నిజంగా.

మిల్వాకీ బ్రూవర్స్‌కేమో షార్ట్‌స్టాప్ అడామెస్ వెళ్లిపోయాడు, మ్యాచ్ చివర్లో దిగే పిచర్ డెవిన్ విలియమ్స్‌ని ట్రేడ్ చేశారు అని చెప్పి డివిజన్‌లో మూడో ప్లేస్ ఇచ్చేశారు. మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడిన ఆ టీమే 97 గెలుపులతో మొత్తం ఎంఎల్‌బీలో టాప్. 2015లో కాన్సాస్ సిటీ రాయల్స్‌కి పెకోటా (గెలుపుల్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్) 72 గెలుపులు ఇస్తే వాళ్లు 95 గెలిచి వరల్డ్ సిరీస్ కూడా కొట్టారు, కాబట్టి తప్పు అంచనా వేసినందుకు నేను స్టార్లు తగ్గించట్లేదు. 162 మ్యాచ్‌ల సీజన్‌కి ఒకే ఒక్క నంబర్ ఇచ్చి వదిలేశారే, ఇన్ని నుంచి ఇన్ని దాకా గెలవొచ్చు అని రేంజ్ ఇవ్వలేదే, అందుకు తగ్గిస్తున్నా.

స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లు) స్టాట్స్ మీద రాసిన ఆర్టికల్ మాత్రం సూపర్. పిచర్ కొత్త గ్రిప్ ట్రై చేస్తున్నప్పుడు హిట్ పడినా పట్టించుకోడు, చివరి ఇన్నింగ్స్‌లో 80లు 90ల నంబర్ జెర్సీలతో మైనర్ లీగ్ కుర్రాళ్లు దిగుతారు, అరిజోనా పొడిగాలికి బాల్ ఎక్కువ దూరం వెళ్తుంది, అందుకే బ్యాటింగ్ యావరేజ్ వదిలేసి పిచర్ వేగం, స్ట్రైక్ఔట్లు చూడమని చక్కగా వివరించారు. మార్చిలో మ్యాచ్‌లు చూసే పద్ధతే మారిపోయింది నాకు.

5కి 3 స్టార్లు. డ్రాఫ్ట్ కోసమైతే ఫిబ్రవరి మొదట్లో వచ్చే ఎడిషన్ కొనకండి, అందులో మెట్స్ పిచర్లు మోంటాస్, మనాయా ఇద్దరూ ఫిట్ అనే ఉంది, స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలవగానే ఇద్దరూ గాయాలతో ఆగిపోయారు.