ముంపు ముంగిట పాత కట్టడాలు: తరలించాలా, గోడ కట్టాలా, నీటికి వదలాలా – ఏది మేలు?

ఆనకట్ట వెనుక మునగబోయే లోయలో ఉన్న గుళ్లనూ స్తూపాలనూ ఏం చేయాలన్న ప్రశ్నకు కృష్ణా పరీవాహకంలో మూడు రకాల జవాబులు దొరుకుతాయి. నాగార్జునకొండ లోయలోని కట్టడాలను విప్పి, ఎత్తయిన చోటికి చేర్చి, తిరిగి పేర్చారు. అలంపురం నవబ్రహ్మ ఆలయాలను కదల్చకుండా, నదికీ వాటికీ నడుమ గోడ లేపారు. సప్తనది సంగమేశ్వరాన్ని నీటికి వదిలేశారు. మొదటిది నాగార్జునసాగర్ వల్ల, మిగిలిన రెండూ శ్రీశైలం జలాశయం వల్ల జరిగినవి. నాలుగు దశాబ్దాలకు మించిన అనుభవం మన ముందున్నది కనుక వాటిని పక్కపక్కన పెట్టి చూడటానికి ఇప్పుడు వీలుంది. గోదావరి మీద పోలవరం ప్రాజెక్టు పని సాగుతున్న ఈ రోజుల్లో ఆ పరిశీలన అవసరం కూడా.

పర్యాటక శాఖల నివేదికలు సాధారణంగా ఎంతమంది వచ్చారు, ఎంత ఆదాయం వచ్చింది అన్న లెక్కతో మొదలై ఆ లెక్కతోనే ముగుస్తాయి. ఈ మూడు చోట్లను తూచడానికి ఆ కొలత చాలదు. నేను మూడు విషయాలు చూస్తాను. కట్టడం చెక్కుచెదరకుండా మిగిలిందా? అది ఆ చోట ఎందుకు వెలసిందో చూడవచ్చినవారికి తెలుస్తుందా? తరతరాలుగా దానితో ముడిపడి బతికినవారికి అది ఇప్పటికీ అందుబాటులో ఉందా?

తరలింపు సంగతి ముందు చూద్దాం. ఎక్కువ ఖర్చు, ఎక్కువ పాండిత్యం వెచ్చించినది అక్కడే. నాగార్జునకొండ శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. ఆ మరుసటి ఏడాది నుంచి పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్, తరువాత 1938లో టి.ఎన్. రామచంద్రన్ అక్కడ తవ్వకాలు జరిపారు. లోయ మొత్తం మునుగుతుందని తేలాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలు వేరే స్థాయికి చెందినవి. ఒక కట్టడాన్నో ఒక దిబ్బనో ఎంచుకుని తవ్వే పద్ధతిని దాటి, కొండల నడుమ ఉన్న లోయ మొత్తాన్ని ఒకే స్థలంగా భావించి, రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కట్టడాల వరకు అన్నిటినీ వెలికితీశారు. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఈ లోయ నుంచి ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఎలా ఉండేదో, రాజులు వైదిక క్రతువులు చేస్తుంటే రాణివాసపు స్త్రీలు బౌద్ధ విహారాలకు దానాలు ఎలా ఇచ్చారో, చనిపోయిన వీరులకు ఛాయాస్తంభాలు ఎలా నిలిపారో మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆ ఆరేళ్ల శ్రమే ప్రధాన కారణం. జ్ఞానం మిగలడం అన్న లెక్కన చూస్తే, మూడింటిలో నాగార్జునకొండకు సాటి లేదు.

అయితే చూడవచ్చినవారికి అందులో ఎంత అందుతున్నది? ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను కొండ మీదికి చేర్చి పునర్నిర్మించారు. 1966లో మ్యూజియం తెరిచారు. నీరు నిండాక ఆ కొండే ద్వీపమైంది. విహారాన్నీ రంగస్థలాన్నీ హారీతి అనే బౌద్ధ దేవత గుడినీ కుడి గట్టున అనుపులో నిలిపారు. కానీ విజయపురి కొండ మీద లేదు, లోయలో ఉండేది. కొండ మీద ఉన్నది ఆ తరువాతి కాలపు కోట. ఇప్పుడు ఆ కోట గోడల నడుమ ఇక్ష్వాకుల కట్టడాలు కనిపిస్తుంటే, నగరం మొదటినుంచీ ఈ కొండ మీదే ఉండేదనుకుని తిరిగి వెళ్లే యాత్రికులను తప్పుపట్టలేము. నది ఒడ్డున మెట్లుమెట్లుగా దిగే స్నానఘట్టాన్ని కూడా పైకి చేర్చారు. రాళ్లు అవే, కొలతలు అవే, కానీ మెట్లు దిగితే నీళ్లు రావు. ఘట్టం అనేది మెట్లకూ నీటికీ ఉన్న సంబంధం. ఆ సంబంధం తెగిపోయిన చోట, అది ఒకప్పుడు ఇక్కడ లేదని చెప్పే స్పష్టమైన పటమూ, మునిగిన లోయ నమూనా ముందు నిలబడి వివరించగల మనిషీ తప్పనిసరి. ద్వీపానికి దారి లాంచీ ఒక్కటే కనుక గాలి, నీటిమట్టం, బోట్ల అనుమతులు ఏ రోజుకారోజు దర్శనాన్ని నిర్ణయిస్తాయి.

ఇంకొక లోటు పరిశోధకులకు సంబంధించినది. 1960లో ముగిసిన తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగానికి సంబంధించిన రెండో సంపుటం 2006లో గాని రాలేదు. తిరిగి వెళ్లి సరిచూసుకోవడానికి నేల మిగలని చోట నివేదికే మూల ఆధారం. అది నలభై ఆరేళ్లు ఆలస్యమైతే రెండు తరాల పరిశోధకులు సగం చీకటిలో పనిచేసినట్టే. తరలింపు ఖర్చును లెక్కవేసేవారు ప్రచురణ ఖర్చును అందులో భాగంగా చూడకపోవడం మన పురావస్తు రంగంలో పాత జబ్బు.

తరలింపులో చోటు ఎంపిక ఎంత ముఖ్యమో ఈజిప్టులోని అబూ సింబెల్ చూపిస్తుంది. అస్వాన్ ఆనకట్ట ముంపు నుంచి తప్పించడానికి 1964–68 మధ్య ఆ గుహాలయాలను రాతి దిమ్మెలుగా కోసి, సుమారు 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపారు. దిక్కు మారకుండా చూశారు కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఉదయపు ఎండ గర్భగుడి దాకా చేరడం నేటికీ సాగుతున్నది. గుడి జరిగింది గాని, నదితోనూ సూర్యుడితోనూ దానికున్న పొత్తు చాలావరకు నిలిచింది. ఆ లెక్కన మన దగ్గర కూడవెల్లి సంగమేశ్వరాలయం పరిస్థితి మధ్యస్థం. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట చాళుక్యులు కట్టిన ఆ ఆలయాన్ని శ్రీశైలం ముంపు వల్ల విప్పి, అలంపురానికి తెచ్చి తిరిగి నిలిపారు. పాపనాశి గుడుల సముదాయాన్ని కూడా అలంపురం దాపునే పేర్చారు. శిల్ప సంపద దక్కింది. ఒకే కాలపు, ఒకే శైలి ఆలయాల పొరుగున చేరడం వల్ల పోల్చి చదువుకోవడానికి వీలూ కలిగింది. కానీ సంగమేశ్వరుడు అన్న పేరులోని సంగమం మాత్రం వెంట రాలేదు. అదే ముంపు నుంచి తప్పించిన మరో ఆలయం రూపాల సంగమేశ్వరాన్ని మరీ దూరంగా కర్నూలు జగన్నాథగట్టుకు చేర్చారు.

మనుషుల సంగతి ఇంకా బాధ కలిగించేది. శ్రీశైలం జలాశయం వందకు పైగా గ్రామాలను ఖాళీ చేయించింది. గుడి రాళ్లు ఒక దారిన పోయాయి, ఆ గుడి ముందు పెళ్లిళ్లూ జాతరలూ చేసుకున్న కుటుంబాలు పలు దారుల్లో చెదిరిపోయాయి. గుడిని ఎక్కడ నిలపాలో నిర్ణయించేటప్పుడు ఊరు ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్నకు చోటే దొరకలేదు. పునరావాసం ఒక శాఖది, పురావస్తువు మరొక శాఖది అయినంత కాలం ఇది ఇలాగే జరుగుతుంది.

రెండో దారి అలంపురంలోని గోడ. బాదామి చాళుక్యుల కాలపు (ఏడు, ఎనిమిది శతాబ్దాల) తొమ్మిది ఆలయాలు తుంగభద్ర ఎడమ గట్టున, కట్టిన చోటనే నిలిచి ఉన్నాయి. స్వర్గబ్రహ్మ ఆలయం చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలం నాటిదని అక్కడి శాసనం చెబుతున్నది. ఉత్తరాది పద్ధతిలో నిలువుగా వంపు తిరిగి లేచిన రేఖానాగర శిఖరాలు దక్కనులో ఇంత దక్షిణాన, ఇంత తొలినాళ్లలో, ఇన్ని ఒకచోట ఉండటం శిల్పచరిత్రకు ఎంతో విలువైన విషయం. ఆలయాల పరస్పర దూరాలు, ముఖాలు, ప్రాంగణపు ఎత్తుపల్లాలు అన్నీ ఆధారాలే. విప్పి పేర్చి ఉంటే వీటిలో చాలావాటిని మనం డ్రాయింగుల మీద నమ్మకంతో మాత్రమే చెప్పుకోవలసి వచ్చేది. పైగా బాలబ్రహ్మ ఆలయంలో పూజ ఆగలేదు. పద్నాలుగో శతాబ్దంలో ధ్వంసమైన జోగులాంబ గుడిని 2005లో పాత చోటనే తిరిగి కట్టగలిగారంటే, ఆ చోటు మునగకుండా మిగలడమే కారణం. ఈనాడు ఒక జిల్లా పేరులో జోగులాంబ ఉన్నది. శ్రీశైలానికి పశ్చిమ ద్వారంగా అలంపురానికి ఉన్న హోదా పుస్తకాల్లోనే కాక యాత్రికుల నడకలోనూ నిలిచి ఉన్నది.

గోడకు లోపాలు లేకపోలేదు. అది నదిని గుడి కంటికి మరుగు చేసింది. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర పొంగి అలంపురాన్ని ముంచినప్పుడు, గోడ ఇచ్చే భరోసాకు హద్దు ఎక్కడో తెలిసింది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ వరదలో నీరు దానిని దాటిపోయింది. ఏ గోడనైనా ఒక అంచనా వరదను దృష్టిలో పెట్టుకునే కడతారు, నది ఆ అంచనాకు కట్టుబడదు. లోపల కురిసిన వాన బయటికి పోవడానికి దారి ఉండాలి, ఊటనీరు పునాదుల్లోకి దిగకుండా ఏటేటా చూసుకోవాలి. తరలింపు ఒక్కసారి చేసే ఖర్చు, గోడ ఎప్పటికీ తీరని బాధ్యత. అయినా ఆ బాధ్యత మోయదగ్గదే అని నా నిశ్చితాభిప్రాయం.

మూడో దారిని ఎవరూ ఆలోచించి ఎంచుకోలేదు. కర్నూలు దిగువన సప్తనది సంగమేశ్వరం శ్రీశైలం వెనుకజలాల్లో ఉండిపోయింది. వేపదారు (వేపకర్ర) లింగం ఉన్న గుడి అది. ఏడు నదుల్లో ఆరు స్త్రీ నదులు, భవనాశి ఒక్కటే పురుష నది అని స్థలపురాణం. జలాశయం తగ్గిన ఏడాది వేసవి ముంగిట శిఖరం తేలుతుంది, ఆపైన గర్భగుడి బయటపడుతుంది. ఒండ్రు కడిగి పూజలు మొదలుపెడతారు. పడవల మీదా కాలినడకనా వేలమంది వస్తారు. మళ్లీ వరద రాగానే శిఖరానికి హారతి ఇచ్చి సాగనంపుతారు. కట్టడం దృష్టితో చూస్తే ఇది అన్నిటికన్నా చెడ్డ దారి. ఏటేటా తడిసి, ఎండి, అలల తాకిడికి గోడలు కరిగిపోతున్నాయి. అక్కడ సౌకర్యాలు లేవు, రక్షణ లేదు. అయినా ఒక విషయాన్ని పరిశోధకులు తోసిపుచ్చలేరు. శాస్త్రీయంగా తరలించి, కంచె వేసి, ఫలకం పెట్టిన చాలా గుళ్లకన్నా ఈ మునిగిన గుడితో జనానికి ఉన్న అనుబంధం గాఢంగా ఉన్నది. చోటు మారకపోవడమే అందుకు కారణం. నదులు కలిసే తావు అదే, దారి అదే, వెళ్లేవారు ఆ చుట్టుపక్కల గట్ల మీద బతుకుతున్నవారే.

ఈ మధ్య నాలుగో దారి కూడా ముందుకు వస్తున్నది. నాగార్జునసాగర్ ఎడమ గట్టున 274 ఎకరాల్లో కట్టి 2022లో ప్రారంభించిన బుద్ధవనం వంటి కొత్త నిర్మాణాలు అవి. బౌద్ధాన్ని పరిచయం చేయడానికి అది మంచి ప్రయత్నమే. కానీ కొత్త ప్రతిరూపం పాత కట్టడానికి బదులు కాదు గనుక ఈ తూకంలో దానికి చోటు ఇవ్వను.

ఏది మేలు అని సూటిగా అడిగితే, సాధ్యమైన ప్రతిచోటా గోడే మేలు అంటాను. పాత కట్టడాల పరిరక్షణకు సూత్రాలు చెప్పే 1964 నాటి అంతర్జాతీయ వెనిస్ ప్రకటన కూడా కట్టడాన్ని దాని పరిసరాల నుంచి విడదీయరాదని, దాన్ని కాపాడటానికి వేరే మార్గం లేనప్పుడే కదిలించాలని చెప్పింది. నాగార్జునకొండ వంటి లోతైన లోయలో గోడ అసాధ్యం కాబట్టి అక్కడ తరలింపు సబబే. అయితే తరలించేటప్పుడు కట్టడాలన్నిటినీ ఒక్క గాటన కట్టరాదు. పూజ నిలిచిపోయిన స్తూపాన్నో విహారాన్నో దాని భూమి స్వభావానికి దగ్గరగా ఉండే చోటికి, అంటే గట్టున ఉన్నదాన్ని గట్టుకు, లోయలో ఉన్నదాన్ని పల్లానికి చేర్చాలి. పూజలందుకుంటున్న గుడిని మాత్రం దాన్ని కొలిచే ఊరు ఎక్కడికి పోతే అక్కడికి పంపాలి. శిల్పకళ ఎంత గొప్పదైనా ఈ వరుస మారకూడదు. మ్యూజియానికి దగ్గరగా ఉంటే పర్యాటకులకు సౌకర్యమన్న వాదన వినబడుతుంది. పర్యాటకుడు ఏడాదికి ఒకసారి వస్తాడు, ఊరివారు ప్రతి పండుగకూ వస్తారు. పైగా పూజలు సాగే గుడే పర్యాటకుణ్ణి కూడా ఎక్కువసేపు నిలుపుతుంది.

పోలవరం ముంపు ప్రాంతంలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. రుద్రమకోటలో బృహత్ శిలాయుగపు (పెద్ద రాళ్లతో కట్టిన) సమాధులు బయటపడ్డాయి. పాపికొండల దారిలో పేరంటపల్లిలో బాలానంద స్వామి నెలకొల్పిన మునివాటమూ (ఆశ్రమం) శివాలయమూ ఉన్నాయి. వాటిని చుట్టుపక్కల కొండరెడ్లు అనే గిరిజనులు తమవిగా చూసుకుంటారు. గోదావరి ఒడ్డునున్న గండిపోచమ్మ గుడి ఇప్పటికే వరద రోజుల్లో నీట మునుగుతున్నది. సమాధుల విషయంలో నాగార్జునకొండ పద్ధతి, అంటే లోయ మొత్తాన్ని ఒక స్థలంగా తీసుకుని తవ్వడం అవసరం. ఈసారి నివేదికను ముంపు కన్నా ముందే ప్రచురించాలి. గండిపోచమ్మ విషయంలో ఇంజనీర్లు మొదట తేల్చవలసింది గోడ సాధ్యమా అన్నదే. కాదని తేలితే అమ్మవారు ఏ గట్టుకు రావాలో నిర్ణయించేది జాతర చేసే ఊళ్లవారే కావాలి. పేరంటపల్లిలో కొండరెడ్లు పునరావాస కాలనీకి వెళ్లకముందే వారి పాటలూ మొక్కులూ గుడికి వెళ్లే దారులూ రికార్డు చేయాలి. ఎందుకంటే ఆ వివరాలు ఏ తవ్వకంలోనూ దొరకవు.