ఐపీఎల్ రాత్రుల చిరుతిళ్లకు ఎయిర్ ఫ్రయర్

ఐపీఎల్ మ్యాచ్ రాత్రి 7:30కు మొదలై దాదాపు 11 దాకా సాగుతుంది కాబట్టి, ఇంటికి బంధుమిత్రులు వచ్చినప్పుడు భోజనం కన్నా చిరుతిండే ఎక్కువ ఖర్చవుతుంది. ఆ నూనె భారం తగ్గించడానికి మా ఇంట్లో 4 లీటర్ల ఎయిర్ ఫ్రయర్ వాడుతున్నాము.

పైనున్న కాయిల్ వేడిని ఫ్యాను చిల్లుల బుట్ట చుట్టూ వేగంగా తిప్పడం వల్ల పదార్థం పైపొర ఆరి కరకరలాడుతుంది. నానబెట్టిన శనగపప్పును నీళ్లు చేర్చకుండా బరకగా రుబ్బి, ఉల్లిపాయ, అల్లం, కరివేపాకు కలిపి, పలుచగా తట్టి, రెండు వైపులా కాస్త నూనె రాసి 180 డిగ్రీల వద్ద పెట్టి, మధ్యలో ఒకసారి తిరగేస్తే, అంచులు ఎర్రబడి, విరిస్తే పప్పు పలుకు తగిలే మసాలా వడలు వస్తాయి. నూనెలో వేయించినంత గుల్లగా ఉండవు గాని, నాలుగు తిన్నా కడుపు బరువెక్కదు. పెరుగు, కారం పట్టించిన చికెన్ ముక్కలు ఇంకా చక్కగా కుదురుతాయి.

మిర్చి బజ్జీకి మాత్రం ఇది పనికిరాదు. జారుడు పిండి నూనెలో పడగానే బిగుసుకుంటుంది, ఇక్కడ చిల్లుల్లోంచి కారిపోతుంది. బజ్జీ లేనిదే మ్యాచ్ లేదనేవారు తలా ఒకటి చొప్పున బాణలిలోనే వేయించుకోవడం మంచిది.

అసలు లోపం బుట్ట పరిమాణం. వడలను ఒకదానిపై ఒకటి పేరిస్తే ఉడుకుతాయే తప్ప వేగవు కాబట్టి, టాస్ సమయానికే తొలి విడత పెట్టవలసి వస్తుంది. నలుగురున్న ఇంటికి ఇది సరిపోతుంది. పదిమంది చేరే ఇంటికి 6 లీటర్లకు తక్కువది కొనవద్దు.