తులనాత్మక వ్యాసానికి ‘డాయిచ్‌లాండ్ 83’ ఎంతవరకు పనికివస్తుంది?

వేర్వేరు దేశాల టీవీ ధారావాహికలను పోల్చే మీడియా అధ్యయన వ్యాసానికి ప్రణాళిక వేసుకునేవారు, అమెరికా వైపు నుంచి ‘స్ట్రేంజర్ థింగ్స్’ తొలి సీజన్‌ను తీసుకుంటే, దానికి జతగా ఈ జర్మన్ ధారావాహికను నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు. రెండింటి కథాకాలమూ 1983 కావడం, రెండూ ఎనిమిదేసి భాగాలే కావడం వల్ల పోలిక అతికించినట్టు ఉండదు.

తూర్పు జర్మనీ సరిహద్దు సైనికుడైన మార్టిన్ రౌఖ్‌ను పశ్చిమ జర్మనీ సైన్యంలోకి గూఢచారిగా పంపే ఈ కథలో ప్రచ్ఛన్న యుద్ధ భయం క్షిపణుల రూపంలో నేరుగా కనిపిస్తుంది. అమెరికా కథలో అదే భయం ప్రభుత్వ ప్రయోగశాల చాటున రాక్షసి వేషం వేసుకుంటుంది. వ్యాసానికి అసలైన బలం ఇక్కడే ఉంది.

నిర్మాణ నేపథ్యమూ ఆసక్తికరమే: 2015లో ఇది జర్మనీలోని ఆర్‌టీఎల్ కంటే ముందే అమెరికాలోని సన్‌డాన్స్ టీవీలో ప్రసారమైంది, అదీ జర్మన్ భాషలోనే. 2016లో నెట్‌ఫ్లిక్స్ ‘స్ట్రేంజర్ థింగ్స్’ తొలి సీజన్ భాగాలన్నిటినీ ఒకేసారి విడుదల చేసింది.

‘డాయిచ్‌లాండ్ 83’లో ప్రేమకథ మాత్రం పలచగా ఉంది, యాదృచ్ఛిక సంఘటనలూ ఎక్కువే. డబ్బింగ్‌లో కాక ఉపశీర్షికలతోనే చూడాలి. లేకపోతే భాష గురించి రాయడానికి ఏమీ మిగలదు.