ట్రైలర్‌లో ఏసీ బ్యాటరీ మీద నడుస్తుందా? రెండు సమ్మర్లు వాడాక నా రివ్యూ

నడుస్తుంది. ఎంతసేపు అన్నదే గొడవంతా.

మేముండేది డాలస్ పక్కన. సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి కొన్నాం, పైన 13,500 బీటీయూ ఏసీ, అంటే మన లెక్కలో టన్నుకి కాస్త ఎక్కువ. హుకప్, అంటే క్యాంప్‌గ్రౌండ్ వాళ్లిచ్చే కరెంట్ కనెక్షన్, ఉన్నచోట ప్లగ్ పెట్టేస్తే ఏ బాధా లేదు, కానీ నాకేమో కరెంట్ లేని చోట్లకే పోవాలని పిచ్చి, జనరేటర్ మోత అంటే మా ఆవిడకి చిరాకు, పైగా నేషనల్ పార్కుల్లో చాలాచోట్ల రాత్రయితే జనరేటర్ వెయ్యనివ్వరు. అందుకని 200 వాట్ల ప్యానెళ్లు నాలుగు, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు నాలుగు, 3000 వాట్ల ఇన్వర్టర్, ఏసీ కంప్రెసర్ మెల్లగా లేచేలా చేసే సాఫ్ట్ స్టార్టర్ ఒకటి, ఇవన్నీ ఒక ఆర్వీ షాపులో (ఇలాంటి చక్రాల ఇళ్లు బాగుచేసే చోట) పెట్టించా. లేబర్‌తో కలిపి ఐదు వేల డాలర్లు దాటింది.

పైన ప్యానెళ్లున్నాయి, టెక్సస్‌లో ఎండకి కొదవా, ఏసీ ఫ్రీగా తిరిగేస్తుందిలే అనుకున్నా. అబ్బే. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు 1400, 1500 వాట్లు లాగుతుంది, నా ప్యానెళ్లేమో రూఫ్ మీద పడుకుని ఉంటాయి కాబట్టి పేరుకి 800 గానీ మిట్టమధ్యాహ్నం కూడా 550 దాటడం నేను చూడలేదు, అందులో ఒకదాని మీద మూడింటి నుంచీ ఏసీ డబ్బా నీడే పడుతుంది. ఏసీని నడిపేది బ్యాటరీయే. సోలార్ ఆ అప్పుకి కిస్తీలు కడుతుంటుంది, అదీ పగలు మాత్రమే. నాలుగు బ్యాటరీలూ కలిపి 5.1 యూనిట్లు, అందులో పదోవంతు ఇన్వర్టర్ తినేస్తుంది, ఏసీ ఆగకుండా తిరిగితే మూడు గంటల చిల్లర, అంతే. చెట్టు కింద ఆపితే లోపల చల్లగా ఉంటుంది, కిస్తీ ఆగిపోతుంది. ఎండలో ఆపితే కిస్తీ వస్తుంది, లోపల పెనం.

పోయిన ఏప్రిల్ చివర్లో అత్తయ్యగారు గుంటూరు నుంచి వస్తే టెక్సస్‌లోనే బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాం, రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్, నది అవతల మెక్సికో. సాయంత్రం ఐదున్నరకి బయట 98 ఫారెన్‌హీట్. నేను ఏసీ ఆన్ చెయ్యబోతుంటే ఆవిడ, "అల్లుడుగారూ, మనింట్లో ఇన్వర్టర్ మీద ఏసీ వెయ్యొద్దని కరెంటాయన మరీ మరీ చెప్పి వెళ్లాడండీ, రెండు ఫ్యాన్లూ ట్యూబ్‌లైటూ అంతే. ఇక్కడ కాలిపోదు కదా?" అని గుమ్మంలోనే నిలబడ్డారు, లోపలికి రారే. అదృష్టం బాగుండి మూడు గంటలు హాయిగా నడిచింది. ఎడారి కదా, తొమ్మిదయ్యేసరికి బయటే చల్లబడింది, కిటికీలు తీసి పడుకున్నాం. పొద్దున చూస్తే బ్యాటరీ 30 శాతం, మర్నాడు సాయంత్రం నాలుగింటికి గానీ మళ్లీ నిండలేదు.

ఇది చూసి నాకు పొగరెక్కి జులైలో గాల్వెస్టన్ పక్కన బొలివర్ బీచ్‌కి వెళ్లాం. సముద్రం పక్కన రాత్రి చల్లబడడం అనేది ఉండదు, ఉక్క, మన మచిలీపట్నంలో లాగే. తొమ్మిదింటికి నిండు బ్యాటరీతో మొదలుపెడితే ఒంటిగంటకి ఇన్వర్టర్ కీమని కట్టేసింది. పిల్లలు లేచారు. తెల్లారే దాకా విసనకర్ర ఊపింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇక ఫిట్టింగ్ సంగతి. ఈ ట్రిప్పులన్నిటికంటే ముందే, రెండో వాడకానికే బ్యాటరీ 80 శాతం చూపిస్తూ ఉండగానే లో వోల్టేజ్ అని అరుపు. మంచం కింద తలుపు తీసి ఇన్వర్టర్ కేబుల్ చివర ఉండే లగ్ మీద వేలు పెట్టా, చురుక్కుమంది, పక్కన రబ్బరు మెత్తబడి వాసన. మీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 12.7, ఇన్వర్టర్ దగ్గర 11.5. ఇండియాలో ఇంట్లో 230 వోల్ట్‌ల మీద ఇంత ఏసీ ఆరేడు ఆంపులతో నడిచిపోతుంది, 12 వోల్ట్‌ల మీద 130 ఆంపులు పారాలి, అంత కరెంట్‌కి నట్టు కాస్త లూజున్నా లగ్ సరిగ్గా నొక్కకపోయినా అదే హీటర్ అయి కూర్చుంటుంది. షాపుకి తీసుకెళ్తే "ఇంత లోడ్ వేస్తారనుకోలేదు" అన్నారు. ఏసీ కోసమే పెట్టండి బాబూ అని చెప్పి పెట్టించుకున్నది!! చివరికి నేనే 4/0 అనే బాగా లావు కేబుల్, పెద్ద కరెంట్‌కి పనికొచ్చే క్లాస్ టీ ఫ్యూజ్ కొని ఇంకోచోట హైడ్రాలిక్ క్రింపర్‌తో లగ్‌లు గట్టిగా నొక్కించుకున్నా. ఇప్పుడు రెండు గంటలు నడిచినా గోరువెచ్చగా ఉంటుంది.

బాగా నచ్చింది సాఫ్ట్ స్టార్టర్. అది లేకపోతే కంప్రెసర్ లేచే క్షణంలో నడిచేటప్పటికి నాలుగైదు రెట్లు కరెంట్ గుంజుతుంది, ఇన్వర్టర్ కట్టయిపోయేది, లైట్లు డిమ్మయ్యేవి. ఇప్పుడు మెల్లగా మూలుగుతూ లేస్తుంది, పక్కవాళ్ల చిన్న జనరేటర్ మీద కూడా ఒకసారి నడిపాం.

రాత్రంతా ఏసీ కావాలనుకునేవాళ్లు ఇంకో నాలుగు బ్యాటరీలు కొనేముందు బెడ్‌రూమ్ వరకు చిన్న ఇన్వర్టర్ టైప్ (కంప్రెసర్ వేగం తనే తగ్గించుకునే) విండో ఏసీ చూడండి. మా ఫ్రెండ్ ట్రైలర్‌లో 8,000 బీటీయూది ఉంది, గది చల్లబడ్డాక 300, 400 వాట్ల మధ్యే తిరుగుతుంది, ఆ లెక్కన నా బ్యాటరీలతోనే తెల్లారిపోతుంది. వెనక గోడ కొయ్యాలి, మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. ఆలోపు కిటికీలకి వెండి రంగు షీట్లు కట్ చేసి పెట్టా, చవకలో అయిపోయింది, మధ్యాహ్నం తేడా బాగా తెలుస్తుంది. చలికాలంలో గడ్డకట్టే చలిలో ఈ బ్యాటరీలు ఛార్జ్ పెట్టకూడదు, అది గుర్తుంచుకోండి.

స్టార్లంటారా, సాఫ్ట్ స్టార్టర్‌కి 5, బ్యాటరీలకి 4, ప్యానెళ్లకి 3, ఫిట్ చేసిన షాపుకి 1, అదీ వెయిటింగ్ రూమ్‌లో కాఫీ బాగుందని.