లావణి పట్టా ప్లాట్‌కి బయానా ఇచ్చి మోసపోయాను, దయచేసి మీరు ఇవ్వకండి

మేడ్చల్ వైపు వెళ్లేవాళ్లకి ఆ వెంచర్ బోర్డు తెలిసే ఉంటుంది. గజం 9 వేలు అంటే ఆశపడ్డాను. 150 గజాలకు 4 లక్షలు బయానా ఇచ్చి, 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ రాయించుకున్నాను. నోటరీ కూడా చేయించాను. రెండు నెలల్లో రిజిస్ట్రేషన్ అన్నారు. ఐదు నెలలైంది.

నిన్న ఆఫీసుకెళ్లి, ఇక కోర్టుకెళ్తానన్నాను. అప్పటిదాకా చాయ్ తెప్పించి మాట్లాడిన మనిషి నా అగ్రిమెంట్ కాపీ నా మీదకే విసిరాడు. "పో అన్నా, కోర్టుకే పో. ఈ కాగితం జడ్జికి చూపెట్టు. లావణి భూమి కొన్నవని నీ మీదనే కేసైతది" అన్నాడు. పక్కన కూర్చున్న ఇద్దరూ నవ్వారు. నా భార్య కూడా అక్కడే ఉంది. రాత్రంతా నిద్ర లేదు.

పొద్దున్నే లాయర్ దగ్గరికి పరిగెత్తాను. వాడన్నది నిజమేనట. లావణి అన్నా అసైన్డ్ అన్నా ఒకటే, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం దాన్ని అమ్మడమే కాదు, కొనడం కూడా తప్పే. చట్టం వద్దన్న పనికి రాసుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. నోటరీ ముద్ర ఉన్నా లాభం లేదు, అది సంతకం నాదేనని చెబుతుందే గానీ ఆ భూమి అమ్మొచ్చని చెప్పదు.

ఒప్పందం చెల్లదని తర్వాత బయటపడితే, తీసుకున్న డబ్బు తిరిగివ్వాలని అదే కాంట్రాక్ట్ చట్టంలో 65వ సెక్షన్ ఉంది. కానీ నాకు తెలియదని ఎలా చెప్పను? రెండో పేజీలో "లావణి పట్టా భూమి" అని స్పష్టంగా రాసి ఉంది. దాని కిందే నా సంతకం. ఆ మాట ఆ రోజే చదివాను. ఏదో పాత పట్టా పేరనుకున్నాను. ఒక్కరినైనా అడగలేదు. అమ్మ దాచుకున్న డబ్బు కూడా అందులో ఉంది, ఆమెకి ఇంకా చెప్పలేదు.

బయానా ఇచ్చేముందే సర్వే నంబర్ అడిగి, అది రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, అంటే 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అగ్రిమెంట్‌లో లావణి, అసైన్డ్ అనే మాట కనిపిస్తే సంతకం పెట్టకండి.

ఇవాళ అటు నుంచి వస్తుంటే చిన్నపిల్లతో ఒక జంట అదే ప్లాట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. బండి ఆపి వెళ్లేలోపే వాళ్లని కార్లో ఎక్కించుకుని ఆఫీసు వైపు తీసుకెళ్లిపోయారు.