స్పిన్నింగ్ మిల్లులో మూడేళ్లు వాడాక హెచ్‌ఆర్ అనలిటిక్స్

వరంగల్ దగ్గరి మిల్లులో మూడేళ్లుగా నడుస్తున్న ఏర్పాటు ఇది. బయోమెట్రిక్ పంచ్ ఫైలునూ, జీతాల ఎక్సెల్‌నూ కలిపి, మైక్రోసాఫ్ట్ వారి డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో చూడటం. డెస్క్‌టాప్ ఉచితమే. నాగాలు ఏ సెక్షన్‌లో, ఏ వారంలో పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి తప్పకుండా పెట్టుకోండి. ఎవరు మానేస్తారో ముందే చెప్పే స్కోరు మాత్రం వద్దు. మూడొందల మంది లెక్కతో అది నిలవదు.

కష్టమంతా డేటా సరిచేయడంలోనే. ఉద్యోగి కోడు 00457 కాస్తా 457 అయిపోయి రెండు ఫైళ్లూ కలవవు. పవర్ క్వెరీ (పవర్ బీఐలో డేటా సరిచేసే భాగం) తనంతట తాను వేసే 'చేంజ్‌డ్ టైప్' స్టెప్పు తీసేసి, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఉంచాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నడిచే షిఫ్టుది ఇంకో తిప్పలు: ఇన్ ఒక తేదీన, అవుట్ మరుసటి తేదీన పడి, రెండు రోజులూ సింగిల్ పంచ్‌గా మిగులుతాయి. నైట్ షిఫ్టు వాళ్లకు మాత్రమే పంచ్ సమయంలోంచి 12 గంటలు తీసి తేదీ కట్టండి. 8 గంటలే తీస్తే, ఓటీ చేసి పొద్దున 10కి వెళ్లినవారి అవుట్ మళ్లీ పక్క రోజుకు జారుతుంది. కార్డింగ్‌లో నాగాలు ఒక్కసారిగా పెరిగాయా? ముందు పంచ్ మెషిన్ అద్దం మీద దూది తుడవండి, పంచ్‌లు పడకపోయి ఉండొచ్చు.

పత్తి ఏరుడుకు మానేసి తిరిగొచ్చినవారికి కొత్త కోడు ఇస్తే, ఒకే మనిషి ఒకసారి మానేసినట్టు, ఒకసారి కొత్తగా చేరినట్టు లెక్కకొస్తాడు. యూఏఎన్ (పీఎఫ్‌లో మనిషికి ఒకటే ఉండే నంబరు) మారదు, దానితోనే కలపండి.

రెడీమేడ్ డ్యాష్‌బోర్డులు చూసుకోని విషయం మేడారం. జాతర రెండేళ్లకోసారి. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. అందుకే 2025 ఫిబ్రవరిని దానితో పోలిస్తే హాజరు ఎంతో బాగుపడినట్టు కనిపిస్తుంది, ఆ మెరుగుదల ఉత్తదే. 2023 ఫిబ్రవరితో పోల్చాల్సింది. 2026లో జాతర జనవరి నెలాఖరున వచ్చింది కాబట్టి నెలకు నెల పోలికే చెడుతుంది. క్యాలెండర్ టేబుల్‌లో జాతర, బతుకమ్మ, నాట్లు, పత్తికి వేరే కాలమ్ చేతితో నింపక తప్పదు.

12 మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కరు మానేస్తే 8.3 శాతం. అక్కడ శాతాలు కాదు, మనుషుల సంఖ్యే చూపించండి.

'మానేసిన కారణం' దగ్గర 'సొంత పనులు' అని రాస్తే ఆ కాలమ్ దండుగ. వ్యవసాయం, నైట్ షిఫ్టు, హైదరాబాద్‌లో పని, సూపర్‌వైజర్‌తో పడకపోవడం అని విడివిడిగా పెట్టండి. దాన్ని ఆ సూపర్‌వైజర్ చేత నింపించొద్దు. నింపిస్తే చివరి కారణం ఎప్పటికీ నమోదు కాదు.