గని వ్యర్థాల ఆమ్ల ముప్పును తేల్చే ల్యాబ్ సేవ: కొలత బాగుంది, తీర్పులో తొందర ఉంది

పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్న వ్యర్థశిలను కుప్ప పోయడానికి ముందు, అది గాలికీ వానకూ తగిలి కొన్నేళ్లకైనా గంధకామ్లాన్ని వదులుతుందేమో తెలుసుకోవాలని మేము ఒక ప్రైవేటు ల్యాబ్‌కు డ్రిల్ కోర్ (తవ్వి తీసిన రాతి కడ్డీ) నమూనాలు పంపించాము. మొదటి నివేదిక నెల తిరగకుండానే వచ్చింది. ఆఖరి పరీక్ష ముగిసే వరకు ఆగి ఈ సమీక్ష రాస్తున్నాను.

కొలతల విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తటస్థీకరణ సామర్థ్యం, అంటే ఆమ్లాన్ని అణచే రాతి శక్తి, కొలిచేటప్పుడు రాతిపొడిపై ఆమ్లపు చుక్క వేసి, నురగ ఎంత పొంగిందో చూసి, దాన్నిబట్టి ఎంత ఆమ్లం వాడాలో నిర్ణయిస్తారు. ఆ నురగ స్థాయిని వీరు ప్రతి నమూనాకూ రాసి ఇచ్చారు. ఒకే పొడిని రెండు వేర్వేరు నమూనా సంఖ్యలతో పంపి చూశాను, ఫలితాలు దాదాపు కలిశాయి.

చిక్కంతా ఆ అంకెలను చదవడంలో వచ్చింది. ఒక నమూనాలో మొత్తం గంధకం 1.2 శాతం. శాతానికి 31.25 కిలోల చొప్పున లెక్కిస్తే, టన్ను రాతి నుంచి పుట్టే ఆమ్లాన్ని అణచడానికి 37.5 కిలోల సున్నపురాయి కావాలి. రాతికి సహజంగా ఉన్న తటస్థీకరణ సామర్థ్యం 60 కిలోలు కాబట్టి నిష్పత్తి 1.6, అంటే ఎటూ తేలని స్థితి. గంధకంలో మూడోవంతు జిప్సం రూపంలో ఉందనీ, దానివల్ల ఆమ్లం పుట్టదనీ వీరు సరిగానే గుర్తించి ఆ భాగాన్ని తీసేశారు, నిష్పత్తి 2.4కు చేరింది, పక్కనే 'సురక్షితం' అన్న ముద్ర పడింది. అయితే అదే నివేదిక చివర ఖనిజాల పట్టికలో ఆమ్లాన్ని అణచే కార్బొనేట్ చాలావరకు సిడరైట్ (ఇనుప కార్బొనేట్) అని వారే రాశారు. సిడరైట్ మొదట ఆమ్లాన్ని తాగినట్టే కనిపించినా, అందులోంచి విడుదలైన ఇనుము ఆక్సీకరణ చెంది ఆ ఆమ్లాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ ఇనుమును కొలతలోనే ఆక్సీకరించే పెరాక్సైడ్ సవరణతో మళ్లీ కొలవమని పట్టుబడితే 60 కాస్తా 22 అయింది, నిష్పత్తి 0.88కు పడిపోయింది. పట్టిక రాసిన చెయ్యీ ముద్ర వేసిన చెయ్యీ ఒకదాన్నొకటి చూసుకోలేదన్నమాట! తప్పు ఒప్పుకుని, అదనపు రుసుము లేకుండా సవరించడం మాత్రం వారి మర్యాద.

నమూనాల ఎంపికపై సలహా అడిగితే పొడిపొడిగా బదులిచ్చారు. ఆమ్లం పుట్టకపోయినా తటస్థ నీటిలోనే జింకు, ఆర్సెనిక్ వంటివి కరిగి రావచ్చన్న సంగతి నివేదికలో ఒక్క వాక్యానికి మించలేదు.

ఆఖరిది, రాయి గాలికీ తడికీ ఎలా మారుతుందో చూసే హ్యుమిడిటీ సెల్ పరీక్ష. అందులో కిలో రాతిపై మూడు రోజులు పొడిగాలి, మూడు రోజులు తడిగాలి పంపి, ఏడో రోజు నీటితో కడుగుతారు. వీరి ప్యాకేజీ 20 వారాలే. అప్పటికి కడిగిన నీటి పీహెచ్ ఏడుకు దగ్గరగా నిలకడగానే ఉంది కానీ సల్ఫేట్ వారంవారం పెరుగుతోంది. కార్బొనేట్ ఇంకా ఖర్చవుతోందన్నదానికి అది గుర్తు. పొడిగింపుకు విడిగా డబ్బు కట్టాల్సి వచ్చింది. పీహెచ్ అయిదు కంటే కిందికి దిగింది 31వ వారంలో.